దుప్పటి మీద పరిచిన మందులు

నా ఉద్యోగం సింగపూర్‌లో ఒక ఆసుపత్రి ఫార్మసీలో. అయినా నన్ను అడిగిన ప్రశ్నల్లో సగం ఆసుపత్రి బయటే అడిగారు. సెరంగూన్ రోడ్డు దుకాణంలో గోంగూర ఏరుకుంటుంటే ఒకరు, గుళ్ళో ప్రసాదం చేతిలో పడీ పడకముందే ఒకరు, వుడ్‌ల్యాండ్స్ వెళ్ళే రైల్లో కునుకు తీస్తుంటే తట్టి లేపి ఒకరు. "ఆంటీ, ఒక చిన్న డౌట్" అని మొదలుపెడతారు. అలా మొదలైన డౌటు చిన్నదిగా ముగియడం నా సర్వీసులో నేను చూడలేదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ, నాకు ఆ లోకువంటే ఎప్పుడూ చిరాకు పుట్టలేదు. ఆ డౌట్ల వల్లే నేను మనుషుల ఇళ్ళలోకి వెళ్ళగలిగాను.

కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చిన తెలుగు పిల్లలు కొందరు, మీ అనుభవాలు రాయండి మేడమ్ అన్నారు. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ విభాగంలో ఎన్నాళ్ళున్నాను అన్నవి రాస్తే మా ఆయన తప్ప ఎవరూ చదవరు. ఆయన కూడా మధ్యలో నిద్రపోతారు. అందుకని ఒక పెద్దమనిషి గురించి రాస్తున్నాను. నేను నేర్చుకున్నదంతా ఆయన విషయంలో పనికొచ్చింది, నేను నేర్చుకోనిది కూడా అక్కడే బయటపడింది.

ఆయన వాడిన మందు గంజాయి. ఉలిక్కిపడకండి, నేనూ ఉలిక్కిపడ్డాను.

మేడమ్ కో అడిగే ప్రశ్న

ముందు మా పెద్దావిడ సంగతి చెప్పాలి. మేడమ్ కో మా ఫార్మసీకి అధిపతి. పొట్టి మనిషి, కత్తిరించిన జుట్టు, చప్పుడు చెయ్యని చెప్పులు. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు ఇద్దరున్నారని చెప్పుకునేవాళ్ళం, ఆ ఇద్దరెవరో మాత్రం ఎవరికీ తెలియదు. మనం మందులిచ్చే కిటికీ దగ్గర నిలబడి రోగితో మాట్లాడుతుంటే ఎప్పుడొచ్చి వెనక నిలబడేవారో తెలిసేది కాదు.

ఒకరోజు రుక్సానా అనే ఆవిడ వచ్చింది. హైదరాబాదు వాళ్ళు, వుడ్‌ల్యాండ్స్‌లో ఉండేవారు. ఆవిడ కొడుక్కి మూర్ఛలు. ఎన్ని మందులు మార్చినా ఆగడం లేదు, స్కూలుకి పంపాలన్నా భయమే. ఫోన్లో ఒక సీసా బొమ్మ చూపించింది.

"బెహన్, నేను చదివినా. బయటి దేశాల్ల పిల్లలకి ఇస్తున్నరట. ఈడ కైకు లేదు?"

అది గంజాయి మొక్క నుంచి తీసిన నూనె. నేను నెమ్మదిగానే చెప్పాను, ఇక్కడ కుదరదమ్మా, చట్టం ఒప్పుకోదు అని. ఆవిడ ఫోను సంచిలో పెట్టుకుని వెనక్కి తిరిగింది.

వెనకనుంచి గొంతు వినిపించింది. "కెనాట్. దెన్ హౌ?"

ఈ ఊరివాళ్ళు రోజుకి పదిసార్లు అనే మాటే. కుదరదు, సరే, మరెలా అని. కానీ మేడమ్ కో దాన్ని పరీక్షలో ప్రశ్నలా అడిగేవారు. ఆ తర్వాత ఇంగ్లీషులో నాకు చెప్పినదాని సారం ఇది: "ఆవిడ ఇప్పుడు ఇంటికెళ్ళి ఏం చేస్తుందో ఆలోచించావా? ఇంటర్నెట్‌లో కొంటుంది. పార్సిల్ కంటే ముందు పోలీసులు వస్తారు. నువ్వు చెప్పింది సరైన జవాబే. అందులో సగం మిగిలిపోయింది. వెళ్ళి ఆ సగం చెప్పిరా."

లిఫ్టు దగ్గర రుక్సానాని పట్టుకున్నాను. ఆ మిగిలిన సగం ఏమిటో నాకూ అప్పటికి పూర్తిగా తెలియదు. ఆవిణ్ణి కూర్చోబెట్టి, పిల్లవాణ్ణి చూసే న్యూరాలజీ డాక్టరుగారిని అడిగి, ఇద్దరం కలిసి తెలుసుకున్నాం.

అసలు సంగతి మీరూ తెలుసుకోండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో డాక్టరు ధ్రువీకరిస్తే రోగి పేరు నమోదు చేసుకుని గంజాయి మందుకి కార్డు ఇస్తారు. కొన్నిచోట్ల మాజీ సైనికులకి రుసుములో రాయితీ కూడా ఉంది. మన దేశంలో ఆయుర్వేద వైద్యుడి చీటీ మీద ఆ ఆకుతో చేసిన మందులు అమ్ముతారు. సింగపూర్‌లో కార్డు లేదు, నమోదు లేదు. వేరే దేశం ఇచ్చిన కార్డు ఇక్కడ ఆ మందు తెచ్చుకోవడానికి పనికిరాదు. ఉన్నదల్లా ఒక ఇరుకైన దారి. దేశంలో ఇంకా నమోదు కాని మందుని ఫలానా రోగి కోసం స్పెషలిస్టే అడగాలి. ఉన్న మందులన్నీ వాడి చూశామని, ఫలితం లేదని చూపాలి. మందుల కంపెనీలో శుద్ధి చేసి, మత్తు కలిగించే భాగాన్ని తీసేసినదై ఉండాలి. అన్నీ సరిపోతే ప్రభుత్వం ఆ ఒక్కరికి ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు.

రుక్సానా కొడుక్కి ఒప్పుకున్నారు. మూర్ఛలు పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గాయి, పిల్లవాడు బడికి వెళ్ళాడు. ఇప్పటికీ ప్రతి రంజాన్‌కి మా ఇంటికి షీర్ ఖుర్మా పాయసం వస్తుంది. ఆ గిన్నె చూసినప్పుడల్లా నేను ముందు మేడమ్ కోకి దణ్ణం పెట్టుకుంటాను, తర్వాతే స్పూను తీస్తాను.

చెక్-ఇన్‌లోనా, క్యాబిన్‌లోనా

నా సర్వీసు చివరి ఏడాది. సెరంగూన్ రోడ్డులో, మామూలే, గోంగూర దగ్గర. సంధ్య కనిపించింది. సెంగ్‌కాంగ్‌లో ఉంటుంది, బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శ్రీకాకుళం జిల్లా పిల్ల. తల్లి లేదు, తండ్రే పెంచాడు. అప్పుడు నిండు గర్భిణి కావస్తోంది.

"ఆంటీ, కరెక్ట్‌గా దొరికారు. ఒక చిన్న డౌట్. నాన్న వస్తున్నారు, డెలివరీకి. ఆయన మెడిసిన్ ఒకటుంది. ఆయుర్వేదిక్, ఆకు మందు. డాక్టర్ సర్టిఫికెట్ కూడా ఉంది. చెక్-ఇన్‌లో పెట్టమంటారా, క్యాబిన్‌లో పెట్టమంటారా?"

ఏ ఆకు అని అడిగాను. తెలియదంది, ఫోన్లో ఫొటో చూపించింది. చిన్న గాజు సీసా, చుక్కలు వేసే మూత, ఆకుపచ్చ లేబులు. కింద చిన్న అక్షరాల్లో రాసి ఉన్నది చదివాక నా చేతిలోని గోంగూర కట్ట మళ్ళీ బుట్టలో పడింది.

"సంధ్యా, ఇది గంజాయి ఆకుతో చేసినది."

"ఛ, కాదాంటీ! ఇది మెడిసిన్."

మనవాళ్ళు మాత్రమే చేయగలిగిన పొరపాటు ఇది. ఇంగ్లీషు మందులంటే ఎంత భయమో, ఆకు మందంటే అంత నమ్మకం. వైద్యుడు ఇచ్చాడు, ఇంట్లో పెద్దవాళ్ళు వాడుతున్నారు, చీటీ ఉంది, ఇంకేం కావాలి అనుకుంటారు. ఆ ఆకుకి ఆయుర్వేదంలో వేరే పేరుంది కాబట్టి ఇంట్లో ఎవరి నోటా గంజాయి అన్న మాటే రాదు. సంధ్య తండ్రి ఆ సీసాని దాచిపెట్టి తేవాలని అనుకోలేదు. చేతిలో పట్టుకుని, చీటీ చూపించి మరీ దిగేవాడు. ఈ దేశంలో దాని పర్యవసానం ఏమిటో సంధ్యకి అక్కడే చెప్పాను. జైలు అనగానే ఆ పిల్ల పచ్చిమిరపకాయల బుట్ట అంచు పట్టుకుంది.

"అది లేకపోతే నాన్న పడుకోలేరాంటీ. కాలు..." అంది.

అప్పలనాయుడు గారు సైన్యంలో హవల్దారుగా చేశారు. సరిహద్దులో మందుపాతర పేలి ఎడమకాలు మోకాలి కింద పోయింది. పోయిన కాలే ఆయనకి నొప్పి పెడుతుంది. లేని పాదంలో లేని బొటనవేలిని ఎవరో మెలిపెట్టినట్టు ఉంటుంది. చదువుకున్నవాళ్ళు కూడా ఇది నమ్మరు, కానీ ఇది నిజమైన నొప్పి, నరాలకీ మెదడుకీ సంబంధించినది. ఆ చుక్కలు మొదలుపెట్టాకే ఆయన కంటినిండా నిద్రపోతున్నారు. ఆ చుక్కలు పనిచేయలేదని నేను అనను. కళ్ళతో చూసినవాళ్ళ మాటని కాదనడానికి నేనెవరిని?

అయితే ఇప్పుడు లెక్క ఇలా తయారైంది. చుక్కలతో ఆయన ఇక్కడికి రాకూడదు. చుక్కలు లేకుండా ఆయన బతకలేరు. మరి తల్లి లేని కూతురి పురిటికి తండ్రి ఎలా రావాలి?

హవల్దారు గారితో ఫోను

మర్నాడు సంధ్య ఇంటినుంచి ఆయనతో మాట్లాడాను. నేను చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. సైనికుడు కదా.

"నాను సర్వీసు మనిషినమ్మా. దేశం కోసం కాలు ఇచ్చీసినోణ్ణి. నా మాజీ సైనికుడి కార్డు సూపిత్తే సాలదేటి?"

"మీ కార్డుకి నేను సెల్యూట్ చేస్తాను నాయుడు గారూ. ఇక్కడి కస్టమ్స్ వాళ్ళూ గౌరవంగానే చూస్తారు. సీసా మాత్రం వదలరు."

"అమెరికాలో సైనికులకి ఆళ్ళే కార్డులిత్తన్నారట గదా?"

"ఇస్తున్నారు. ఇది అమెరికా కాదు."

"అయితే మీ ఊళ్ళో డాట్రే రాసిత్తే?" అన్నారు.

నేను ముందే మా ఆసుపత్రిలో నొప్పుల స్పెషలిస్టుని అడిగి ఉన్నాను. ఆయన సూటిగా చెప్పారు. చూడ్డానికొచ్చే మనిషి, పైగా మామూలు మందులు పూర్తిగా వాడి చూడనివాడు, ఈ మందులో మత్తు భాగం కూడా ఉంది, దీనికి అర్జీ పెట్టడానికే వీల్లేదు అని. ఆ మాటే చెప్పాను.

"అమ్మ ఎట్టా ఎట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టున్నాది మీ దేశం" అన్నారు నాయుడు గారు.

నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆయన గొంతులో కోపం లేదు. కూతురి దగ్గరికి రాలేనేమో అన్న దిగులు ఉంది. మేడమ్ కో అక్కడ ఉండి ఉంటే నా వెనక నిలబడి అడిగే ఆ 'మరెలా' నాకు వినిపిస్తూనే ఉంది.

నేను ఆయన మందుల చరిత్ర మొత్తం అడిగాను. చాలా ఏళ్ళ కిందట సైనిక ఆసుపత్రిలో నరాల నొప్పికి మాత్రలు ఇచ్చారు. రెండు రోజులు వేసుకుంటే పగలు కూడా నిద్ర ముంచుకొచ్చిందని పారేశారు. ఆ మాత్రలు చిన్న మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి, మత్తు కొన్నాళ్ళకి తగ్గుతుంది అని ఎవరైనా చెప్పారా అంటే, "నేదు" అన్నారు. ఇది రాసిపెట్టుకోండి. మందు పనిచేయలేదు అని రోగి అంటే, ఎలా వాడారు అని అడగకుండా నమ్మవద్దు.

ఆయన నా రోగి కాదు, వేరే దేశంలో ఉన్నారు. నేను మందు చెప్పడానికి వీల్లేదు. అందుకని విశాఖపట్నంలో ఆయన్ని చూసే డాక్టరుతో మాట్లాడాను. మంచి మనిషి, ఓపిగ్గా విన్నారు. ఆకు చుక్కలు ఆపి ఆ పాత మాత్రల్ని మళ్ళీ సరైన పద్ధతిలో మొదలుపెట్టించారు. ఆకు ఆనవాళ్ళు ఒంట్లో చాలా వారాలు ఉంటాయి, అనుమానం వస్తే ఇక్కడి విమానాశ్రయంలోనే పరీక్ష చేస్తారు, అందుకని ఆపాక తగినంత కాలం గడవాలి. టికెట్ వెనక్కి జరిపారు, పురుటి సమయానికి సరిగ్గా దిగేలా.

విశాఖ డాక్టరు ఇంకొకటి కూడా చేయించారు. రెండు కాళ్ళ మధ్య నిలువుగా అద్దం పెట్టి, బాగున్న కాలిని కదిలిస్తూ అద్దంలోకి చూడాలి. లేని కాలు ఉన్నట్టు, అది హాయిగా కదులుతున్నట్టు కంటికి కనిపిస్తుంది. కొందరికి దానితో నొప్పి నెమ్మదిస్తుంది. ఆ సంగతి చెబితే నాయుడు గారు, "అద్దంలో సూసుకోడానికి నానేటి పెళ్ళికొడుకునా?" అన్నారు. అని, చేశారు.

వారానికోసారి ఫోను చేసేవారు. మొదట్లో బాధ పడ్డారు, రాత్రి కూర్చునే ఉంటున్నానమ్మా అనేవారు. తర్వాత తర్వాత, "నిద్దర పడతంది" అన్నారు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన గొంతులో గర్వం విని నాకు కళ్ళు చెమర్చాయి.

దుప్పటి

నా దగ్గరో అలవాటుంది. ఊరినుంచి వచ్చే పెద్దవాళ్ళని, బయల్దేరే ముందు సామానంతా మంచం మీద దుప్పటి పరిచి దానిమీద పెట్టమంటాను. వీడియో కాల్‌లో ఒక్కొక్కటీ చూస్తాను. ఏమేం తెస్తున్నారు అని అడిగితే ఏమీ లేదమ్మా, రెండు చీరలు అంటారు. దుప్పటి మీద పరిస్తే అసలు రంగు బయటపడుతుంది. చీటీ లేని దగ్గుమందు, పక్కింటావిడ ఇచ్చిన బీపీ మాత్రలు, దేనికో తెలియని చూర్ణాలు. మా ఫార్మసీలో పిల్లలు కూడా దీన్ని చాదస్తం అని నవ్వారు. చాదస్తమే, కానివ్వండి.

ప్రయాణానికి రెండు రోజుల ముందు సంధ్య ఇంటినుంచే వీడియో కాల్ చేసి నాయుడు గారిని దుప్పటి పరవమన్నాను.

"కిట్ ఇన్‌స్పెక్షన్ అనమ్మా, దానికంత సెప్పాలేటి" అన్నారు.

ఫోను తిప్పి చూపించారు. తెల్ల దుప్పటి, ముడత లేదు. బట్టలు ఒకే కొలతలో మడిచి ఒక వరస. మందులు పెట్టెలతో సహా, చీటీలు వాటి కింద, ఒక వరస. చెంబు, తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను. చివర మనవడికో మనవరాలికో వెండి మొలతాడు. ఆయన మంచం పక్కన నిటారుగా నిలబడి ఉన్నారు. సైన్యంలో అధికారి ముందు ఎలా నిలబడేవారో అలాగే.

అన్నీ బాగున్నాయి. ఆవకాయ, కందిపొడి, వాటి మధ్య పాత కాఫీపొడి సీసాలో నల్లగా ఏదో ఉంది.

"అదేమిటి నాయుడు గారూ?"

ఆయన వంగి చూశారు. "ఇది నాను ఎట్టింది కాదు. సెల్లెలు ఎట్టుంటాది. పైడీ!"

ఆయన చెల్లెలు పైడమ్మ గారు ఆ ఇంట్లోనే ఉంటారు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"లేహ్యం అమ్మా. ఊళ్ళో వైద్యుడు గారు సేత్తారు. నిద్దరకి."

"దేంతో చేస్తారు?"

"ఆకు నేతిలో ఏయించి, బెల్లం పాకం ఎట్టి..."

"ఏ ఆకు పైడమ్మ గారూ?"

ఆవిడ అన్నగారి వైపు చూసి తల దించుకున్నారు. "ఆ సుక్కల మందులో ఆకే. అన్నకి సుక్కలు ఆపీసినారు గదా. రాత్రంతా కూకుని ఉంటే సూడలేకపోనాను. రోజూ పాలల్లో ఒక సెంచాడు కలిపి ఇచ్చినాను."

కిట్ ఇన్‌స్పెక్షన్‌లో నిలబడ్డ హవల్దారు మంచం మీద కూలబడ్డారు. ఆయన గెలుచుకున్నాననుకున్న నిద్ర ఆయనది కాదు. ఒంట్లో ఆకు ఇంకా ఉంది. ఆ ఎదురుచూపంతా వృథా అయింది.

చెల్లెల్ని తిట్టబోయారు. నేను ఆపాను. నా సర్వీసులో చూసిన ప్రమాదాల్లో చాలావరకు ఎవరో ఒకరు ప్రేమతో సర్ది పెట్టినవే. పైడమ్మ గారికి ఎవరూ ఏమీ వివరించలేదు. ఆయనతో మాట్లాడాను, కూతురితో మాట్లాడాను, డాక్టరుతో మాట్లాడాను. ఆయనకి రోజూ అన్నం పెట్టి పాలిచ్చే మనిషితో మాట్లాడాలని నాకు తోచలేదు. పిల్లలూ, మందు వేసుకునేవాడితో పాటు మందు అందించేవాళ్ళతో కూడా మాట్లాడండి.

టికెట్ మళ్ళీ జరపాలి అన్నాను. సంధ్య ఫోను లాక్కున్నంత పని చేసింది.

"ఆంటీ, ఎల్లుండి ఫ్లైట్! లేహ్యం తీసేశాం కదా. లోపల ఉన్నది ఎవరికి తెలుస్తుంది? ఆర్టిఫిషియల్ లెగ్ ఉన్న ముసలాయన్ని ఎవరు టెస్ట్ చేస్తారు?"

"చెయ్యకపోవచ్చు. చెయ్యరని నేను చెప్పలేను."

"మీరు చెప్పకపోతే బాగుండేది" అంది. అంటూ ఏడ్చింది.

ఆ మాట తగిలింది. నిజంగా తగిలింది. కానీ ఒక ఆడపిల్ల పురుటి మంచం మీద ఉండగా తండ్రి లాకప్‌లో ఉంటే ఆ తప్పు ఎవరు మోయాలి? కఠినంగా ఉండాల్సి వచ్చినప్పుడు ఉండండి. తర్వాత తిట్లు తినండి. రెండూ జీతంలో భాగమే.

మనవడు పుట్టాడు, తాతయ్య అక్కడ, మనవడు ఇక్కడ. పురుటికి సంధ్య అత్తగారు వచ్చి సాయం చేశారు. ఫోన్లో మొహం చూపిస్తే నాయుడు గారు చాలాసేపు చూశారట. సంధ్య నాకు ఫోను చెయ్యడం మానేసింది.

దిగడం

ఈసారి పైడమ్మ గారే కాపలా కూర్చున్నారు. మాత్రలు వేళకి ఆవిడే ఇచ్చేవారు, పాలల్లో పసుపు తప్ప ఇంకేమీ వెయ్యలేదు. అద్దం ఆవిడే పట్టుకునేవారు. విశాఖ డాక్టరు మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చారు. నిజమైన నిద్ర నెమ్మదిగా వచ్చింది. పూర్తి నిద్ర కాదు. "ముప్పాతిక వంతు, అమ్మా" అన్నారు ఆయన. ముప్పాతిక వంతుతో దేశాలు నడుస్తున్నాయి నాయుడు గారూ అన్నాను.

చాంగీ విమానాశ్రయానికి నేను వెళ్ళలేదు, సంధ్య పిలవలేదు. ఆ రోజు సాయంత్రం మాత్రం ఆమె దగ్గరినుంచి ఒక ఫొటో వచ్చింది. సోఫాలో నాయుడు గారు, ఊడదీసి గోడకి ఆనించిన కాలు, ఒళ్ళో గుడ్డల్లో చుట్టిన పిల్లవాడు. కింద సంధ్య ఒక్క మాట రాసింది: సారీ ఆంటీ. సారీ ఎందుకే పిచ్చిదానా అని నేను నా ఫ్లాట్‌లో బిగ్గరగా అన్నాను, మా ఆయన ఎవరితో మాట్లాడుతున్నావని లోపలినుంచి అడిగారు.

తర్వాత చూడ్డానికి వెళ్ళాను. నొప్పి ఇంకా వస్తోంది, దాచను. ఒక మధ్యాహ్నం నేనుండగానే వచ్చింది. ఆయన పళ్ళు బిగించి, కాళ్ళ మధ్య అద్దం పెట్టుకుని కుడి పాదం కదిలించడం మొదలుపెట్టారు. పక్కన చాపమీద పడుకున్న మనవడు అద్దంలో కదులుతున్న పాదాన్ని చూసి కాళ్ళు తపతపా కొట్టాడు. నొప్పితో ఉన్న మనిషి అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. ఆ నవ్వు ఏ మందుల షాపులోనూ దొరకదు, దానికి చీటీ రాసేవాళ్ళూ లేరు.

ఈ దేశం చట్టం మెత్తనిది కాదు. అది అందరికీ న్యాయంగానే పనిచేస్తుందా అని అడిగితే, నాకు తెలియదని నిజాయితీగా చెబుతాను. రుక్సానా లాంటివాళ్ళకి ఆ ఇరుకు దారి ఇంకాస్త వెడల్పుగా, ఇంకాస్త త్వరగా తెరుచుకోవాలని కూడా అనుకుంటాను. అయినా నేను ఈ ఉద్యోగానికి రుణపడి ఉన్నాను. నాకు సగం జవాబుతో ఊరుకోకూడదని నేర్పిన మేడమ్ కోకి, గోంగూర దగ్గర నన్ను ఆపిన వాళ్ళందరికీ, తిట్టి కూడా వదిలిపెట్టని సంధ్యకి రుణపడి ఉన్నాను. అడగకుండా విమానం ఎక్కేసిన వాళ్ళ కథలు కూడా విన్నాను కాబట్టి, అడిగినవాళ్ళ విలువ నాకు తెలుసు.

నాయుడు గారి వీసా గడువు, నా ఉద్యోగం గడువు ఇంచుమించు ఒకేసారి ముగిశాయి. ఆయన తిరిగి వెళ్ళే ముందురోజు నాకు వీడియో కాల్ చేశారు. నేను అప్పటికే రిటైరయ్యాను.

"ఇన్‌స్పెక్షన్ అమ్మా" అన్నారు.

"వెళ్ళేటప్పుడు అక్కర్లేదు నాయుడు గారూ."

"పద్ధతి పద్ధతే."

ఫోను తిప్పారు. తెల్ల దుప్పటి, ముడత లేదు. బట్టలు ఒక వరస, మాత్రల పెట్టెలు చీటీలతో ఒక వరస, పైడమ్మ గారికి కొన్న గొడుగు. ఆవకాయ సీసా ఖాళీ అయినట్టుంది, దాని చోటులో, వరస తప్పకుండా, మనవడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వెండి మొలతాడుతో, పిడికిళ్ళు బిగించి.

"దీన్ని ఎల్లనిత్తారేటమ్మా?"

"కుదరదు నాయుడు గారూ."

"మరెలాగ?"

నా సర్వీసంతా వెనక నుంచి విన్న ప్రశ్న అది. దానికి ఏదో ఒక జవాబు వెతకకుండా ఎప్పుడూ ఇంటికి వెళ్ళలేదు. ఆ రోజు మాత్రం ఫోనుని పిల్లవాడి మొహానికి దగ్గరగా పెట్టమన్నాను. ఫోను వెనక ఎక్కడో సంధ్య ముక్కు చీదుకోవడం వినిపించింది.

చివరికి ఆయనే, "సర్లే, మల్లీ వత్తాను. పైడిని కూడా తెత్తాను. దుప్పటి నువ్వే సూడాల" అన్నారు.

చూస్తానన్నాను. ఆయన వంగి ముందు మనవణ్ణి ఎత్తి కూతురి చేతిలో పెట్టారు. తర్వాత మిగతా సామాను, ఒక్కొక్కటిగా, పెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టారు.